తక్కువకు వచ్చిన మనిషి

సాయంత్రం ఇల్లు కొనేవాళ్ళు చూడ్డానికి వస్తున్నారు. ఆలోపు ఇల్లు అద్దంలా మెరవాలి. నచ్చిందా, బేరం కుదిరినట్టే. నచ్చకపోతే ఆమె, ఆమె తమ్ముడు మళ్ళీ రోడ్డున పడాల్సిందే.

తమ్ముడు పెరట్లో సిమెంటు పని చేసి, ఆ బూట్లతోనే ఇల్లంతా తిరిగాడు. గదుల నిండా బూడిదరంగు అడుగులు. పొద్దుటి నుంచి పాత గుడ్డతో ఒక్కతే కుస్తీ పట్టి, వంటగది సగం అయ్యేసరికి ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది.

పుట్టి బుద్ధెరిగాక పనిమనిషిని పెట్టుకోవడం ఆమెకు ఇదే మొదలు. శుభ్రం చేసే కంపెనీకి ఫోన్ చేస్తే వాళ్ళు చెప్పిన రేటుకు కళ్ళు తిరిగాయి. ఆ డబ్బుతో ఇంటికి రంగులే వేయించుకోవచ్చు. చివరికి సందు మొగలో కరెంటు స్తంభానికి అంటించిన కాగితం మీది నంబరుకు చేసింది.

“నా దగ్గర ఎక్కువ లేదు. అందరూ తీసుకునే దాంట్లో సగానికి వస్తావా?”

“ఎలా కుదురుద్దమ్మా? చేసే ఇంటికి తాళం పడి ఖాళీగానే ఉన్నాను గానీ, మరీ సగానికా?”

“ముందు వచ్చి చూడు, నీకే తెలుస్తుంది. పెద్ద పనేం కాదు,” అంటూ ఆమె ఇంటి నంబరు చెప్పింది.

అవతలి మనిషి ఆ నంబరును మెల్లగా తనలో తాను మళ్ళీ చెప్పుకుంది.

“వస్తానమ్మా. మీరెంతిస్తే అంత,” అంది.

బేరం గెలిచినందుకు ఆమె తెగ మురిసిపోయింది. మురిపెం తీరాక గానీ తట్టలేదు. ఎవరైనా ఏ సందు, ఏ గుర్తు అని అడుగుతారు. ఈ మనిషి ఏమీ అడగలేదు.

ఫోన్ పెట్టేసి ముఖం కడుక్కునేలోపే తలుపు చప్పుడైంది. నడివయసు మనిషి. చెంగు బొడ్లో దోపుకుని, గడపలోనే నిలబడి ఆమెను ఎగాదిగా చూసింది.

“ఇంట్లో ఇంకెవరూ లేరామ్మా?”

“లేరు,” అనేసి నాలుక్కరుచుకుంది ఆమె. “మా తమ్ముడు ఇప్పుడో ఇంకాసేపట్లోనో వచ్చేస్తాడు.”

పనిమనిషి లోపలికొచ్చి తలుపు గడియ పెట్టింది. “వీధి దుమ్ము లోపలికొస్తుంది,” అంది. కిటికీలు కూడా ఒక్కొక్కటే మూసుకుంటూ వెళ్ళింది.

చీపురు కోసం ఆమె వెతుకుతుండగానే పనిమనిషి మెట్ల కింద నుంచి తీసుకుని వచ్చేసింది. పనికొచ్చే మనుషులు నోటికి తాళం వేసుకోరని, ఊళ్ళో కబుర్లన్నీ మోసుకొస్తారని విని ఉంది. ఈ మనిషి మాత్రం పెదవి కదపడం లేదు. ఒక్కో గదిలోకి వెళ్ళి నిలబడుతోంది, నాలుగువైపులా చూస్తోంది, అలమరా తలుపులు తీస్తోంది, వేస్తోంది.

అంతలో తమ్ముడు ఫోన్ చేశాడు. ఆమె వంటగదిలోకి వెళ్ళి గొంతు తగ్గించి సంగతి చెప్పింది.

“పనిమనిషా? నీకేమన్నా పిచ్చా అక్కా? ముక్కూ మొహం తెలియని మనిషిని ఇంట్లోకి రానిస్తావా?”

“నీ బూట్ల అడుగులు నువ్వొచ్చి తుడుస్తావా మరి? నా నడుం పడిపోయిందిరా.”

“సరే, కళ్ళలో వత్తులేసుకుని చూడు. నేను బయల్దేరుతున్నా.”

ఆమె తిరిగొచ్చేసరికి పనిమనిషి వెనక పడగ్గదిలో మంచం ముందు నేల మీద కూర్చుని ఉంది. చేతిలో కళ్ళజోడు. ఒక అద్దం పగిలింది.

“మంచం కింద దొరికిందమ్మా. ఎవరిది?”

“మా అత్తగారిది. ఊరెళ్ళారు.”

“కళ్ళజోడు లేకుండానా?”

“ఇంకోటి ఉందిలే. నువ్వు పని కానీ.”

పనిమనిషి కళ్ళజోడును కొంగుతో మెల్లగా తుడిచి, దిండు పక్కన పెట్టింది. లేచి వెళ్ళి పెరటి తలుపు తీసింది. గోడవారగా కొత్తగా వేసిన సిమెంటు ఇంకా పచ్చిగా ఉంది. దానివంకే చూస్తూ ఉండిపోయింది.

“అటు వెళ్ళకు, ఆరలేదు,” అని వెనక నుంచి అరిచింది ఆమె.

“మీ తమ్ముడు మేస్త్రీనా అమ్మా?”

“కాదు. అక్కడేదో కుంగితే వాడే పూడ్చాడు.”

పనిమనిషి వంగి, గడప మీది సిమెంటు అడుగులు లోపలికి ఎటు వెళ్ళాయో చూసింది. ఆ చూపే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఈ మనిషిని ఎంత తొందరగా పంపిస్తే అంత మంచిదనుకుంది. సగం పనికే మొత్తం డబ్బులిచ్చి వదిలించుకుందామని పర్సు తీసుకుని హాల్లోకి వచ్చింది.

బకెట్టులో నీళ్ళు పోసినవి పోసినట్టే తేటగా ఉన్నాయి. నేల మీద బూడిదరంగు అడుగులు ఒక్కటీ చెరగలేదు.

“ఇంతసేపూ ఏం చేశావు? ఈ అడుగులు ఇలాగే ఉన్నాయేం?”

“ఉండనీండమ్మా. చూడాల్సినవాళ్ళు చూడాలిగా.”

పనిమనిషి వెళ్ళి వీధి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. బయట జీపేదో వచ్చి ఆగింది. తమ్ముడి బండి చప్పుడు కాదది. ఆమె పర్సులోంచి నోట్లు తీసి ముందుకు చాపింది.

“ఇవి తీసుకుని వెళ్ళిపో. దండం పెడతాను, వెళ్ళిపో.”

పనిమనిషి ఆ నోట్ల వంక కూడా చూడలేదు.

“ఈ ఇంట్లో పనికి మా పెద్దమ్మగారు ఇన్నేళ్ళుగా నాకు నెలనెలా జీతమిస్తూనే ఉన్నారు, ముందు ఆవిడ ఎక్కడున్నారో చెప్పు.”