జపాను పాట

పంకజాక్షి మామగారు మునిరామయ్యకు చెవులున్నది గ్రామఫోను వినడానికే. కోడలి మాట వాటికి ఆనదు.

పలమనేరులో వాళ్ల మల్బరీ తోటను మాదిరి తోటగా ఎంచుదామని వచ్చిన జపాను నిపుణుడు భోంచేసి లేవగానే, మునిరామయ్య పాత రికార్డు తీశారు.

“వద్దు మామా! అది తెల్లోళ్ల ఇంగ్లీషు పాట. జపానోళ్ల కండ్లను ఎగతాళి చేసినారు దాంట్లో. ఈయనకు కోపమొస్తే మన తోట గతేంది?”

“నీ బీయే నీ దగ్గరే పెట్టుకో. పాట నడాన జపాను మాటలు గూడా ఉండాయి, సూడు!”

ముల్లు ఆనించారు. పాట నడుమ “టింగిరి టాంగిరి” అని మాటలు వస్తుంటే అతిథి ముఖంలో నవ్వు ఆరిపోయింది. అయినా చివరిదాకా విని, ఇంగ్లీషులో మెల్లగా ఏదో అడిగాడు.

“ఏమంటా ఉండాడమ్మా?”

“నడాన వచ్చిన ఆ మాటలు తెలుగా అని అడగతా ఉండాడు మామా.”

మునిరామయ్య రికార్డు తీసి అట్టలో పెట్టేశారు.

“తెలుగూ కాదు, జపానూ కాదు. ఇన్నేండ్లూ తెలీక మురిసిపోయినాను, తప్పు నాదేనని చెప్పమ్మా.”