రాకెట్ల రాట్నం

ముప్పై ఏళ్లు పార్కులో పిల్లల్ని గిరగిరా తిప్పిన రాకెట్ల రాట్నం మీదే ఇప్పుడు చంద్రుడి గనుల్లో పనికి మనుషుల్ని పరీక్షిస్తున్నారు. దాన్ని నడిపేది మాత్రం పాత సింహాద్రే. పది నిమిషాలు స్పృహ తప్పకుండా తిరిగితేనే ఉద్యోగం.

మనుషుల్లేని పడవలొచ్చాక పైడితల్లి ఇంట్లో చేపల వేట ఆగిపోయింది. పరీక్షలో ఆమె రెండుసార్లు స్పృహ తప్పింది. ఇదే ఆఖరి అవకాశం.

“వేగం తగ్గించు బాబూ. పిల్లలు గంజి తాగి బతుకుతున్నారు.”

“తగ్గిస్తే ఇక్కడ నెగ్గుతావు. అసలు రాకెట్‌లో నీ గుండె ఆగిపోద్ది తల్లీ!”

“ఇక్కడుంటే ఆగదా?”

సింహాద్రి మీట వెనక్కి లాగి వేగం తగ్గించాడు. పది నిమిషాలయ్యాక ఆమె ఏడుస్తూ, నవ్వుతూ దిగి దండం పెట్టింది.

వరసలో నిలబడ్డవాళ్లంతా అతని చేతినే చూస్తున్నారు.

“మాకూ అలాగే తిప్పు బాబూ,” అంది ముందున్నామె.