బొటనవేలంత వాక్యం

స్టిక్కరు పీకడానికి లాల్‌సాహెబ్ ఒప్పుకోలేదు.

"మీ దేవుడి మాట సార్ అది. నా చేతులకి గ్రీజుంది. మీరే తీయండి," అన్నాడు.

ఏబెల్ మాస్టారు స్టీరింగు వెనక మీటర్ల అద్దం వంక చూశాడు. బొటనవేలంత బైబిలు వాక్యం స్టిక్కరు, నీలం రంగుది. బండి కొని నెల కాలేదు. చూడ్డానికి ఏనుగులా ఉండే ఆ పెద్ద కారు రెడ్డిగూడెం రోడ్డులో మూడోసారి ఆగిపోతే, తాడు కట్టి ట్రాక్టరుతో తిరువూరు బైపాస్ పక్కన ఈ షెడ్డుకి లాక్కొచ్చారు. లాల్‌సాహెబ్ స్కానరు తగిలించి చూశాడు. అది ఏడు తప్పులు చూపిస్తోంది. మీటర్లలో వెలగాల్సిన ఇంజను లైటు మాత్రం ఎక్కడా కనపడటం లేదు. ఆ లైటు ఉండాల్సిన చోట స్టిక్కరుంది.

"దాని జోలికెళ్లకండి," అంది అతని భార్య గ్లోరి వెనక సీట్లోంచి.

రోజూ దాన్ని కొంగుతో తుడిచేది ఆవిడే. ఆవిడకి నడుం దగ్గర డిస్కు జారింది. ఆవిడ పనిచేసే రెడ్డిగూడెం బడికి బైకూ వద్దు, బస్సు కుదుపులూ వద్దు అని డాక్టరు తేల్చి చెప్పాక, సొసైటీలో అప్పు చేసి ఐదు లక్షల నలభై వేలకి ఈ బండి కొన్నారు. కారు లేకపోతే ఆవిడకి ఉద్యోగం లేదు.

ఏబెల్ గోటితో గీకి స్టిక్కరు తీశాడు. దాని కింద పసుపుపచ్చ లైటు, ఎన్నాళ్లనుంచో గానీ, నిక్షేపంగా వెలుగుతోంది. గ్లోరి మొహం పక్కకి తిప్పుకుంది.

"పైన పటారం, లోన లొటారం సార్," అన్నాడు లాల్‌సాహెబ్. ఆటోమేటిక్ గేర్‌బాక్సు లోపల క్లచ్చులు అరిగిపోయాయట, లక్షా ఎనభై వేలు. టర్బో ఆయిలు కక్కుతోంది, విప్పితే గానీ చెప్పలేడు, అరవైకి మాత్రం తగ్గదు. రేడియేటరు పైపు పగిలితే ఎవరో మహానుభావుడు లప్పం పెట్టి నొక్కాడు. ముందు చక్రాల బుష్‌ల సంగతి అడగొద్దన్నాడు. కొనే ముందు ఒక్కసారి తన దగ్గరికి తెచ్చుంటే ఐదొందలతో పోయేదని కూడా అన్నాడు, బాధగానే.

తేలేదు. ఏబెల్ లెక్కల మాస్టారు, వంకాయలు కొనాలన్నా నాలుగు కొట్లు తిరిగే మనిషి. ఈ బేరంలో మాత్రం బండిని వదిలేసి వాక్యాన్ని చూశాడు. విశ్వాసి బండి, మోసమెందుకుంటుంది అనుకుని మధ్యాహ్నానికల్లా అడ్వాన్సు చేతిలో పెట్టాడు.

అమ్మిన రాయప్పకి అక్కణ్ణుంచే ఫోన్ చేశాడు. రాయప్ప ఎంతో శాంతంగా మాట్లాడాడు. సెకండ్‌హ్యాండ్ బండన్నాక అలాగే ఉంటుందనీ, ప్రార్థన చేసుకుని నడుపుకోమనీ చెప్పి పెట్టేశాడు.

ఏబెల్‌కి ఒళ్లు మండిపోయింది. "దేవుడి మాటని మూతలాగా వాడుకున్నాడు. వీడూ ఒక మనిషేనా? స్టేషన్లో కంప్లైంటు రాసిస్తాను."

కేసు తేలేసరికి బండి తుప్పు పట్టిపోతుందన్నాడు లాల్‌సాహెబ్. తను రెండు మూడు వారాలు నడిచేలా చేసిస్తాడు, లైటు మాత్రం గేర్‌బాక్సు బాగుచేస్తేనే ఆరుతుంది. పెనుగొలనులో అంకారావని మామిడితోటల ఆసామి ఇలాంటి బండి కోసమే చూస్తున్నాడు. ఉన్నదున్నట్టు చెప్పి అమ్మితే మూడు లక్షలకి పోతుంది.

"చెప్పే అమ్ముతాను. నేను రాయప్పని కాను," అన్నాడు ఏబెల్.

గ్లోరి అతని చెయ్యి పట్టుకుంది. మూడు లక్షలు సొసైటీ అప్పుకే చాలవని, ఇక ఇంకో కారు మాట ఉండదని ఇద్దరికీ తెలుసు.

సాయంత్రం స్టేషనుకి వెళ్తూ బస్టాండు ఎదురుగా నాగేంద్రమ్మ పుస్తకాల కొట్టు దగ్గర ఆటో ఆపించాడు. కంప్లైంటు రాయడానికి తెల్లకాయితాలు అడిగి నిలబడ్డాడో లేదో ఫోను మోగింది. అంకారావు.

"లాల్‌సాహెబ్ నంబరిచ్చాడండి. మిగతాదంతా మిమ్మల్నే అడగమన్నాడు. మీరు మాస్టారంట గదా, మీ మాట చాలు నాకు. ఐదు లక్షలిస్తాను. కంప్లైంట్లేమన్నా ఉన్నాయా?"

ఏబెల్ నోరు తెరిచాడు. గేర్‌బాక్సు, టర్బో, పైపు, అన్నీ నాలిక మీదే ఉన్నాయి. ఆటోలో గ్లోరి నడుం కింద చెయ్యి పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చుంది.

"రేపు పొద్దున వచ్చి చూసుకోండి," అన్నాడు.

చూసేదేముందన్నాడు అంకారావు. రేపు ఏకాదశి, బండి తీసుకుని అటునుంచి అటే నెమలి ఊళ్లో గుడికి వెళ్లి వేణుగోపాలస్వామి దగ్గర పూజ చేయించుకుంటాడట. ఆ స్వామిని తలుచుకోకుండా ఆయన అసలు ఏ బండీ ఎక్కడట.

ఏబెల్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. నాగేంద్రమ్మ కాయితాలు తెచ్చి ముందు పెట్టింది. అతను వాటిని మెల్లిగా వెనక్కి తోశాడు.

"ఇవొద్దు గానీ నాగేంద్రమ్మగారూ, నెమలి వేణుగోపాలస్వామి స్టిక్కరుందా?" అని బొటనవేలు చూపించాడు. "ఇంత సైజుది."

నాగేంద్రమ్మ సొరుగు లాగుతూ, తల కూడా ఎత్తకుండా అడిగింది.

"కారు అమ్మేస్తున్నారా మాస్టారూ?"