వీణ ముందే మోగింది

ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ గోడలే నేపథ్యసంగీతం వాయిస్తున్నాయి. మనుషుల గొంతునీ గుండెదడనీ పసిగట్టి, సందర్భానికి తగ్గ బాణీ అందుకుంటాయి. ఆ బాణీల్లో సగం కమలాకర్ కట్టినవే. సభల్లో అతని కృతులు విన్నవాళ్ళు కొద్దిమందే. టీవీ సీరియళ్ళకి చేసిన బాణీలు మాత్రం ఇంటింటికీ చేరాయి. చెడ్డ కబురు పాత్ర నోట రాకముందే శోకం పలికే శుభపంతువరాళి రాగంలో వీణ మొదలవ్వాలన్నది అతను పెట్టిన పద్ధతే.

పొద్దుట్నుంచీ అతనికి కాలు ఒకచోట నిలవడం లేదు. అతని టెస్టు రిపోర్టులు తేవడానికి ఆస్పత్రికి వెళ్ళిన భార్య హైమ ఇప్పుడే తిరిగొచ్చింది.

"ఏమన్నారు?"

"ఏముంటుందండీ? అంతా బాగానే ఉందట. వంకాయ కూర చెయ్యనా?" అని నవ్వుతూ కత్తిపీట ముందేసుకుంది.

గోడలోంచి సన్నగా వీణ మొదలైంది.

హైమ చేతిలో వంకాయ ఆగిపోయింది. "ఈ గోడలకి మతి చెడింది, ఆపెయ్యండి," అంది తలెత్తకుండా.

కమలాకర్ ఆపలేదు. ఆ బాణీ ఎలా ముగుస్తుందోనని చెవులు రిక్కించాడు. అప్పుడు గుర్తొచ్చింది, దానికి ముగింపు తను కట్టనేలేదని. సరిగ్గా అక్కడే ఎపిసోడ్ ఆపేసేవారు.