మెడలో బిళ్ల

బస్సు దిగినప్పటి నుంచీ దేవకుమారి మొగుడి మెడ వంకే చూస్తోంది.

“ఏదీ, ఒక్కసారి చూపియ్యి.”

“పైకి కనపడదే. బిళ్ల లోపల కట్టింది. మిషను పెడితేనే తెలుస్తుందంట,” అన్నాడు జక్రయ్య.

మిరప కోతలు మొదలైనప్పటి నుంచీ ఇదే మాట. తడిమి చూద్దామంటే చెయ్యి దగ్గరకు రానివ్వడు. ఒక్కడివే పోయి చూపించుకో అంటే, నువ్వు వస్తేనే పోతానని మొండికేశాడు. ఇద్దరు పిల్లల్నీ ఇంట్లోనే కన్న మనిషి ఆమె. ఆస్పత్రి వాసనంటేనే పడదు. అయినా కోత మానుకుని బయల్దేరింది. మొగుడి ప్రాణం మరి.

బ్రాడీపేటలోని స్కానింగ్ సెంటర్లో ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి, “పేరు చెప్పొస్తా” అని జక్రయ్య లోపలికి వెళ్లాడు. చాలాసేపటికి గాని రాలేదు.

ఆమె కుదురుగా కూర్చోలేకపోయింది. లేచి గుమ్మం దాకా వెళ్లేది. ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్ చూసి, పాస్టరుగారికి ఫోన్ చేసి ప్రార్థన చెయ్యమందామా అనుకునేది. మళ్లీ వచ్చి కూర్చునేది. నిరుడు పల్లెలో సాల్మన్‌కి ఇలాగే మెడలో బిళ్ల కట్టింది. పసరు పూసుకుంటూ కూర్చున్నాడు. క్యాన్సరని తెలిసేసరికి చెయ్యి దాటిపోయింది.

జక్రయ్య వచ్చి పక్కన కూర్చున్నాడు.

“నొప్పుందా?” అంది, ఎన్నోసారో.

“లేదు.”

“నొప్పి లేనిదే చెడ్డదంట.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవరో అన్నార్లే.”

లోపలి నుంచి డాక్టర్ ఖుర్షిదా పిలిచింది.

“ఆడ డాక్టరా? మెడ చూపించుకోడానికి బాగానే ఎతుక్కున్నావయ్యా.”

జక్రయ్య నవ్వలేదు. “నువ్వూ లోపలికి రా. నువ్వు లేకపోతే నేను మంచమెక్కను.”

గది మసకచీకటిగా ఉంది. డాక్టర్ అతని మెడకు చల్లటి జిగురు పూసి, మిషను తాలూకు పిడిని మెల్లగా జరుపుతోంది. తెర మీద చిన్న గింజలాంటిది కనపడింది. దేవకుమారి తెర దగ్గరకు వంగింది.

“అదేనా డాక్టరమ్మా?”

“ఇవి అందరికీ ఉంటాయి. చిక్కుడు గింజలా పొడుగ్గా ఉంటే మంచివే. చెడ్డవైతే గుండ్రంగా ఉబ్బుతాయి. ఈయనకేం లేదు.”

దేవకుమారి గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. “స్తోత్రం ప్రభువా.” తర్వాత మొగుడి మీద పడింది. “ఇన్నాళ్లూ నా ప్రాణం తోడేశావు గదయ్యా. లెగు. మధ్యాన్నం బస్సందుకుంటే సాయంత్రం కోతకన్నా పోవచ్చు.”

జక్రయ్య లేచాడు. మెడ తుడుచుకున్నాడు. బయటికి మాత్రం పోలేదు. తలుపు దగ్గరకు వేసి, దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

డాక్టర్ మంచం మీద దుప్పటి సర్దింది.

“ఇప్పుడు నువ్వు పడుకో తల్లీ,” అంది, “నీ చంకలో బిళ్ల నాకు చూపించడానికే మీ ఆయన ఇంత నాటకమూ ఆడాడు.”