మన ఊరి పునీతుడు

కొండగుహలో ఉండే సన్యాసి సిల్వేరియో వెళ్ళిపోతున్నాడని రోక్కామెల్లాలో తెలియనివాళ్ళు లేరు.

మధ్యాహ్నం నుంచే జనం కొండ ఎక్కడం మొదలుపెట్టారు. కాపరులు గొర్రెల్ని కుక్కల కాపలాకి వదిలేసి వచ్చారు. బాలింతలు చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చారు. ఒక్కొక్కరే గుహలోకి వెళ్ళి, ఆయన చెయ్యి ముద్దు పెట్టుకుని, కళ్ళొత్తుకుంటూ బయటికొచ్చారు.

ఆయన గడ్డి పరుపు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అందర్నీ పేరు పెట్టి పలకరించాడు. కప్పుకునే దుప్పటి కుంటి గాస్పరోకి ఇచ్చేశాడు. ఉన్న ఒక్క మేకనూ మంత్రసాని ఇంటికి తోలించాడు.

"ఏడవకండర్రా" అన్నాడు. "పిలుపొచ్చింది. ఎప్పుడో ఒకప్పుడు వెళ్ళాల్సినవాణ్ణేగా! అక్కడ కూడా మీకోసమే ప్రార్థిస్తాలే."

దాంతో ఏడుపు రెండింతలైంది.

ఏడవరూ మరి? నూనూగు మీసాల వయసులో వచ్చి ఆ గుహలో చేరాడు. కరువు వచ్చిన ఏడు ఊరూరా తిరిగి ఆయన అడుక్కొచ్చిన బార్లీతోనే ఈ ఊరు బతికింది. కిరాయి సైన్యం ఇళ్ళు తగలబెట్టడానికి వస్తే వంతెన మీద అడ్డంగా పడుకుని, "తోలండి గుర్రాల్ని" అన్నాడు. గుర్రాలు వెనక్కి తిరిగాయి. మహమ్మారిలో ఓర్సోలా మొగుడు పోయాడు. చంటిబిడ్డ నెల్లా కూడా చల్లబడిపోతుంటే, ఆయన దాన్ని గుండెలకు హత్తుకుని కదలకుండా కూర్చున్నాడు. తెల్లారేసరికి బిడ్డ పాలకి ఏడ్చింది.

అప్పట్నుంచీ ఆయనకి పూటపూటా తిండి మోసేది ఓర్సోలాయే.

ఆ రోజు ఆమె పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చిక్కుడుగింజల చారు మరుగుతుంటే పొయ్యి ముందే కూలబడిపోయింది.

ఆమె అన్న తెబాల్దో వచ్చాడు. రాతిపని అతనిది. ఒళ్ళంతా తెల్లటి దుమ్ము.

"సమాధికి రాతితొట్టి చెక్కడం అయిపోయింది. గుడిలో బలిపీఠం కింద దింపేసి వచ్చాం."

"అప్పుడేనా అన్నయ్యా?"

"ముందే సిద్ధంగా ఉండొద్దూ? పొరుగూరు వాల్దోర్నావాళ్ళ సంగతి నీకు తెలీదా? ఆయన్ని ఎగరేసుకుపోదామని ఎన్నేళ్ళుగా కాచుక్కూర్చున్నారో!"

"నాకు చేతులాడట్లేదు. ఇవాళ్టికి ఇంకెవర్నైనా పంపకూడదూ?"

"ఇంకొకళ్ళ చేతిది ఆయన తినడు కదా." తెబాల్దో దుమ్ము చేత్తోనే కళ్ళు తుడుచుకున్నాడు. "నాకు మాత్రం బాధ లేదా? నన్ను ఎత్తుకుని పెంచిన చేతులే అవి. లే తల్లీ. వేడి మీద పట్టుకెళ్ళు."

పొద్దు వాలుతుండగా ఓర్సోలా కొండ ఎక్కింది. వద్దన్నా వినకుండా నెల్లా వెంటబడింది. జనం లేచి దారిచ్చారు. గుడి గురువు ఆమె మీద సిలువ గుర్తు వేసి మొహం తిప్పుకున్నాడు.

గిన్నె చూడగానే సిల్వేరియో పసివాడిలా నవ్వాడు.

"వచ్చావా! నీ చేతి చారు ఇక దొరకదే అని ఇందాకట్నుంచీ అదే బెంగ."

మొదటి చెంచా నెల్లా నోట్లో పెడితే గాని ఆయన తినడు. అది ఆయన అలవాటు. ఇవాళ కూడా చెంచా ముంచి, ఊది, "ఆఁ అను" అన్నాడు. నెల్లా నోరు తెరిచింది.

ఓర్సోలా దాని రెక్క పట్టుకుని వెనక్కి లాగేసింది.

"వద్దు తండ్రీ! అది తినేసి వచ్చింది. మీరు తినండి."

"నేనెప్పుడు తిన్నానే?" అంది నెల్లా.

"నోర్ముయ్!"

కూతుర్ని ఆమె ఎన్నడూ అలా కసరలేదు. పిల్ల బిక్కచచ్చిపోయింది.

సిల్వేరియో తల్లినీ పిల్లనీ మార్చి మార్చి చూశాడు. "నేను పోతున్నానన్న దిగులు దాని మీద చూపిస్తే ఎలాగే, పిచ్చితల్లీ?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా, చెంచా చెంచా, చారంతా తాగాడు. రొట్టెముక్కతో గిన్నె తుడుచుకుని తిన్నాడు. ఓర్సోలా నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించాడు.

ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. అది చల్లబడేదాకా వదల్లేదు.

గుడిగంటలు మోగాయి. ఊరు ఊరంతా గొల్లుమంది. ఆయన అంగీని కత్తిరించి పంచుకున్నారు. పీలిక కూడా దక్కనివాళ్ళు గుహలో మట్టి మూటగట్టుకున్నారు.

ఇప్పుడు ఆయన పండగ నాడు రోక్కామెల్లాలో ఇసుక వేస్తే రాలదు. వెండి పెట్టెలో ఆయన కుడిచెయ్యి ఉంది. దాన్ని తాకితే జ్వరాలు తగ్గుతాయంటారు, గొడ్రాళ్ళకి బిడ్డలు పుడతారంటారు. గుడి మెట్ల మీద కూర్చునే ముసలి ఓర్సోలాని కూడా యాత్రికులు వదలరు. ఆయనకు ఆఖరి ముద్ద పెట్టిన చేతులని కళ్ళకద్దుకోబోతారు. ఆమె చేతులు శాలువా కింద దాచేసుకుంటుంది. నెల్లా పెద్దదై ఎక్కడో దూరాన మఠంలో చేరిపోయింది. ఆ సాయంత్రం తర్వాత అది తల్లి చేతి కూడు ముట్టలేదు.

ఈ ఏడు పండక్కి ఒక పరాయి ఊరి పిల్ల వచ్చి, ఓర్సోలా పక్కన చతికిలబడి అడిగింది.

"అంతమందికి నయం చేసిన మహానుభావుడు కదవ్వా, ఆయనకేం జబ్బు చేసింది?"

ఓర్సోలా శాలువాని చేతుల మీదికి ఇంకా లాక్కుంది.

ఏ జబ్బూ లేదు. మర్నాడు పొద్దున్నే వాల్దోర్నా మఠానికి అధిపతిగా నడిచి వెళ్ళాల్సిన మనిషిని, అక్కడే పోతే ఎముకలు కూడా ఆ ఊరి పాలవుతాయని, రోక్కామెల్లా అంతా ఏడుస్తూనే కూడబలుక్కుని ఆమె చారుతో ఆపేసుకుంది.