మాస్టారు ఏరి తెచ్చిన డ్రైవు

"మరి ఇదో?" అని అడిగారు సంగీతం మాస్టారు, బల్ల మీదున్న మూడో దాన్ని వేలితో కదిపి.

షాపతనికి ఓపిక అడుగంటింది. టీవీ కార్యక్రమాన్ని సెట్‌టాప్ బాక్సులో రికార్డు చేసుకోవడానికి యూఎస్‌బీ డ్రైవు కావాలంటూ వచ్చిన పెద్దమనిషి, అల్లుణ్ణి వెతుకుతున్నట్టు ఒక్కోదాని పుట్టుపూర్వోత్తరాలు ఆరా తీస్తున్నారు.

"మళ్ళీ చెప్తాను సార్. ఇది హార్డ్ డిస్కు. గంటలకొద్దీ రికార్డు చేసుకోవచ్చు. కాకపోతే పాత బాక్సులు కొన్ని దీనికి సరిపడా కరెంటు ఇవ్వలేవు. ఇది వేగం ఎక్కువున్న పెన్ డ్రైవు, మీ పనికి భేషుగ్గా ఉంటుంది. ఆ మూడోది చోటు తక్కువది, ఫొటోలు దాచుకోవడానికి. మీకొద్దు."

"ఎందుకొద్దు?"

షాపతను గట్టిగా ఊపిరి పీల్చుకుని అదీ విడమరిచి చెప్పాడు. మాస్టారు అంతా శ్రద్ధగా విన్నారు.

"విసుక్కోకు నాయనా. ఇంట్లో అడిగితే జవాబు చెప్పుకోవాలి కదా" అన్నారు.

షాపతను నవ్వేశాడు. "ఆ బాధ నాకూ ఉంది సార్. నెమ్మదిగా చూసుకోండి."

చివరికి మాస్టారు ఒకటి ఏరి, జేబులో వేసుకుని ఇంటికి బయల్దేరారు.

ఇంట్లో ఆ వారమంతా హడావుడే. ఏళ్ళ తరబడి మాస్టారు ముందుగదిలో పిల్లలకు పాట నేర్పుతుంటే, ఆయన భార్య వంటింట్లో గిన్నెలు తోముకుంటూ విన్నది. విన్నది విన్నట్టు గొంతులోకి ఎక్కించుకుంది. టీవీ వాళ్ళు కొత్త గొంతుల్ని వెతుకుతున్నారంటే మాస్టారు వెళ్తూ ఆమెనూ తోడు తీసుకెళ్ళారు. అక్కడెవరో "మీరూ ఒక ముక్క పాడండమ్మా" అన్నారు. పిలుపు ఆమెకొచ్చింది. "మనింట్లో ఎవరికొస్తే ఏముంది" అని మాస్టారే పక్కింటికి వెళ్ళి చెప్పొచ్చారు.

ఆమె కోరింది ఒక్కటే. అది చిన్న ఛానెల్, కార్యక్రమం ప్రత్యక్ష ప్రసారం. మళ్ళీ వెయ్యరు, కాపీ ఇవ్వరు. వెనక వాద్యాలు మోగుతుంటే తన గొంతు ఎలా ఉందో కుదురుగా కూర్చుని ఒక్కసారి వినాలి.

"అక్కడ కంగారులో ఉంటాను. నేనేం పాడానో నాకే తెలీదు. మీరు మాత్రం రికార్డు చేసి పెట్టండి, ఇంకేమీ అడగను" అంది.

"అది కూడా చెప్పాలా" అన్నారు మాస్టారు. డ్రైవు తగిలించి, వార్తలు కాసేపు రికార్డు చేసి, వేసి చూపించారు. వార్తలు చదివే అమ్మాయి కనురెప్పలతో సహా కనిపించింది. ఆమె చిన్నపిల్లలా మురిసిపోయింది.

ప్రసారమైన సాయంత్రం ఆమె ఇల్లు చేరి, చెప్పులైనా విప్పకుండా టీవీ ముందు కూర్చుంది. మాస్టారు రిమోటు నొక్కారు. మొదట ఒక కుర్రాడు పాడాడు. తర్వాత ఇంకో అమ్మాయి. వ్యాఖ్యాత నవ్వుతూ, "ఇప్పుడు మన చివరి గాయని..." అంది. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తెర నల్లబడింది.

"ఏమండీ, ముందుకు జరపండి."

జరపడానికి ఏమీ లేదు. మాస్టారు డ్రైవు పీకి పెట్టారు, పెట్టి పీకారు. బాక్సు నెత్తిన ఒకటి మొట్టారు.

"పాడు బాక్సు! అన్నీ కనుక్కునే కొన్నానే. సరిగ్గా నీ పాట దగ్గరే చావాలా?" అని తల పట్టుకుని కూలబడ్డారు.

"పోనీ, మీరు విన్నారుగా. ఎలా పాడాను?"

"రికార్డవుతోందో లేదోనన్న కంగారులో సరిగ్గా వినలేదే."

ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. గొంతు విప్పి ఏడవాలనిపించింది. కానీ ఎదురుగా మనిషి అలా కుంగిపోయి ఉంటే తను ఏడిస్తే ఎలా? కాఫీ కలిపి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

"మీరేం చేస్తారు. అంతా ఆ షాపువాడి మోసం. రేపెళ్ళి దులిపెయ్యండి."

"ఎందుకులే గొడవ. మనకి రాసిపెట్టి లేదు."

ఎవర్నీ పల్లెత్తు మాట అనలేరు, వట్టి మొహమాటస్తుడు అనుకుని జాలిపడింది ఆమె. మర్నాడు మాస్టారు పాఠంలో మునిగి ఉండగా, డ్రైవు తీసుకుని తనే షాపుకెళ్ళింది. అడుగుపెట్టీ పెట్టగానే దాన్ని బల్ల మీద ఠపీమని పెట్టింది.

"ఏమయ్యా, మెత్తటివాళ్ళు కనిపిస్తే ఇలాంటి చెత్త అంటగడతావా? జన్మకో అవకాశం, టీవీలో పాడాను. నా పాట ఒక్క ముక్క రాలేదు! మా ఆయన అన్నం కూడా ముట్టలేదు తెలుసా?"

షాపతను డ్రైవును తిప్పి చూశాడు. గొడవకొచ్చినవాళ్ళ మీద రయ్యిన లేచే మనిషి, ఎందుకో ఆమె వైపు స్టూలు జరిపాడు.

"మాట్లాడవేం?"

"పాడింది... మీరా అమ్మా?"

"నేనే. అయితే?"

"నాకు తెలీదమ్మా. తెలిసుంటే అమ్మేవాణ్ణి కాదు."

"ఏం తెలీదు?"

అతను ఆమె ముఖంలోకి చూడలేక, చేతిలోని డ్రైవును చూస్తూ అన్నాడు.

"సారు మధ్యలో ఆగిపోయేదే అడిగి తీసుకున్నారమ్మా."